విద్యుచ్ఛక్తి - వేళ యెరిగిన వినియోగము

2025 మార్చి 20వ తేదీన తెలంగాణమున విద్యుచ్ఛక్తి గరిష్ఠ గిరాకి 17,162 మెగావాట్లకు చేరెను. యాసంగి పైరులకు నీరెత్తు మోటార్లును, ఎండలకు వెరచి పట్టణములు నడపు ఏసీ యంత్రములును ఏకకాలమున తిరుగుటయే ఇందులకు ముఖ్యకారణము. భూపాలపల్లి చెంత చెల్పూరునందలి కాకతీయ విద్యుత్కేంద్రపు సామర్థ్యము 1,100 మెగావాట్లు. ఏడాదిలో కొలది గంటల అవసరమునకై అట్టి కేంద్రములను మరికొన్ని కట్టుట ఒక్కనాటి పెండ్లికై సంవత్సరము పొడవునను పందిరి నిలుపుట వంటిది. ఆ వ్యయము తుదకు ప్రజలమీదనే పడును.

వేరొక మార్గము కలదు. గిరాకి తగ్గిన వేళ మంచుగడ్డ కట్టించి, హెచ్చిన వేళ దానిని కరగించి చలువ పొందవచ్చును. ఒక కిలో మంచు కరగుచు 80 కిలోకాలరీల వేడిని గ్రహించును. సున్న డిగ్రీల నీటిని కిలో యెత్తు 80 డిగ్రీలకు కాచుటకు అంత వేడి వలయును. ఇది వింత విద్య కాదు. పాలను చల్లార్చు కేంద్రములు కొన్నింట ఈ పద్ధతి చిరకాలముగా నున్నది. పాలు వచ్చునది ఉదయ సాయంకాలములందు. అప్పటికి తొట్టిలో మంచు సిద్ధముగా నుండును గనుక చిన్న యంత్రమే చాలును.

దీనివలన ఖర్చగు యూనిట్లు తగ్గునని మేము చెప్పము. నీటిని చల్లార్చుటకంటె గడ్డ కట్టించుటకు శక్తి కొంత హెచ్చుగానే వలయును. మారునది వేళ మాత్రమే. కావున ధరలో తేడా లేనిదే ఏ యజమానియు దీనికి పెట్టుబడి పెట్టడు. వ్యవసాయదారులకు తప్ప తక్కినవారికి సౌరవిద్యుత్తు లభించు వేళల ధర కనీసము 20 శాతము తగ్గవలెననియు, గరిష్ఠ వేళల హెచ్చవలెననియు 2023లో కేంద్ర ప్రభుత్వము నియమములను సవరించెను. ఆ తేడా చిన్న పాలకేంద్రమునకును, మహబూబాబాద్ మిరపను దాచు కోల్డు స్టోరేజీకిని నిజముగా అందవలెను. జనగామలో 2022లోను, మహబూబాబాద్‌లో 2023లోను నూతన కలెక్టరేటులు తెరువబడినవి. ఇట్టి ప్రభుత్వ భవనములందును, ఆసుపత్రులందును యంత్రములు మార్చునపుడెల్ల అధికారులు ఈ పద్ధతి లాభనష్టములను ముందుగా లెక్కింపవలెను.

జనగామ మెట్టరైతు బోరుబావినే నమ్మియున్నాడు. 2018 జనవరి 1 నుండి అతనికి విద్యుత్తు ఇరువదినాలుగు గంటలును ఉచితమని ప్రభుత్వము ప్రకటించెను. కాని గిరాకి మిక్కుటమైన వేళ వోల్టేజి పడిపోయి మోటారు కాలినచో, ఆ ఉచితము అతనికి ఉచితము కాదు. అతడు పైరు తడుపుకొను వేళ పట్టణము కొంత తొలగి చోటిచ్చుట దయ కాదు, న్యాయము.