పెదవి మొద్దుబారితే పన్ను మొద్దుబారినట్టేనా?

బాగ్ లింగంపల్లి నుంచి అరవై దాటిన ఒకాయన ఈ మధ్య మా ఓపీకి వచ్చారు. కాళ్ల వాపులు, పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కువ. ఆరా తీస్తే, మూడు వారాలుగా రోజూ డైక్లోఫెనాక్ మాత్రలు మింగుతున్నారు. పిప్పిపన్నుకు రూట్ కెనాల్ మొదలుపెట్టించుకుని మధ్యలోనే లేచి వచ్చేశారట. ‘‘మత్తు ఇచ్చినా ప్రాణం పోయినంత పనైంది, మళ్లీ ఆ కుర్చీ ఎక్కను డాక్టర్ గారూ’’ అన్నారు.

ఆయనది పిరికితనం అనుకోకండి. కింది దవడ పళ్లకు మత్తు సూదిని నోటి వెనక భాగంలో, నరం ఎముకలోకి వెళ్లేచోట ఇస్తారు. పెదవి తిమ్మిరెక్కగానే మత్తు పట్టిందనుకుంటాం. కానీ పంటి లోపలి గుజ్జు బాగా వాచినప్పుడు అక్కడి నరాలు లిగ్నోకెయిన్‌కు ఓ పట్టాన లొంగవు. దంతవైద్యులు దీన్ని ‘హాట్ టూత్’ అంటారు. ప్రతిసారీ ఇది సూది ఇచ్చిన చేతి లోపం కాదు. అలాగని మీరు పళ్లు బిగబట్టి ఓర్చుకోవాల్సిందీ కాదు.

పన్ను పక్కన చిగురులో ఆర్టికెయిన్ ఇవ్వచ్చు. పంటికీ ఎముకకూ మధ్య సందులోకి సన్నని సూదితో మందు పంపొచ్చు. అప్పటికీ లొంగకపోతే నేరుగా గుజ్జులోకే ఇస్తారు. అది క్షణంపాటు గట్టిగా చురుక్కుమంటుంది, ముందే చెప్పి చేయాలి. డ్రిల్ పెట్టేముందు చల్లటి దూదితో పన్నును తాకి చూస్తే మత్తు పట్టిందో లేదో చాలావరకు తెలుస్తుంది. నిమిషం పని. ఎందుకు మానేస్తారో నాకు అర్థం కాదు. క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో కమిషన్లు నడిచిన ఊరు మనది. ఇక్కడ ఇంకా ‘కొంచెం ఓర్చుకోండి’ అనే మాటే వినపడుతోంది!

గంట ముందు ఇబుప్రోఫెన్ వేసుకుంటే మత్తు బాగా పట్టే అవకాశం పెరుగుతుంది. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు మాత్రం సొంతంగా వేసుకోవద్దు. బీపీ మాత్ర ఆ ఉదయం మానకండి. షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకండి. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తుతానని, అప్పుడు ఆపాలని డెంటిస్ట్‌తో ముందే మాట్లాడుకోండి.

ఆయన మాత్రలు ఆపించి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రికి చీటీ రాసిచ్చాను. కిడ్నీ సంగతితోపాటు, గతంలో మత్తు పట్టలేదన్న సంగతీ అందులో రాశాను. మొదటిసారి కొడుకు దగ్గరుండి తీసుకెళ్లాడు. రెండో సిట్టింగ్‌కు ఆయన ఒక్కరే బస్సెక్కి వెళ్లొచ్చారు.