ఇంగ్లీషు వస్తే చాలదు



మన చిక్కబళ్ళాపురం జిల్లాలో ఎవరికి జబ్బు ముదిరినా చివరికి బెంగళూరే గతి. నిమ్హాన్సో, జయదేవో, కిద్వాయో. పోయేటప్పుడు ఇంట్లో ఇంగ్లీషొచ్చిన పిల్లోణ్ణి వెంటబెట్టుకుంటాం. అక్కడే తప్పు చేస్తున్నామంటాను.

పోయినేడు మా వీధి అవ్వకి కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రలు రాసినారు. వారానికొక్కసారి మింగాల్సిన మందది. చీటీ చదివింది ఇంజనీరింగ్ మనవడు. ‘ఒకటి’ చూసినాడు, ‘వారానికి’ చూడలేదు. అవ్వ రోజూ మింగింది. కొన్నాళ్ళకి నోరంతా పుండ్లు. మళ్ళీ మాత్రలకి పోతే మందులషాపు అబ్బాయి "ఇంత తొందరగా ఎట్లా అయిపోయినాయి?" అని నిలదీసినాడు కాబట్టి సరిపోయింది. ఆ మందు రోజూ పడితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మనవడి ఇంగ్లీషు ఆ అబ్బాయి ఇంగ్లీషు కన్నా ఎంతో మేలు. కానీ అబ్బాయికి మందు తెలుసు.

మన బాధ డాక్టరుకి చెప్పేది ఇంకా కష్టం. "వేడి చేసింది" అంటే మనకి మూత్రం మంట. తెలియనివాళ్ళు దాన్ని జ్వరమని చెప్పేస్తారు. "నరం పట్టింది" అంటాం. నాడికీ, రక్తనాళానికీ మనకున్నది ఆ ఒక్క మాటే. రిపోర్టు నెగటివ్ వచ్చిందని ఏడ్చినవాళ్ళని కూడా చూసినాను. జబ్బు లేదని దానర్థం!

"మనకి కన్నడం వస్తుంది కదా" అంటారు కొందరు. వస్తుంది, సంతలో, తాలూకాఫీసులో. నొప్పి ఎట్లుందో చెప్పాలంటే మా అమ్మకి తెలుగే కావాల.

సంతకం సంగతీ అంతే. చికిత్స గురించి, దాని ప్రమాదాల గురించి తగినంత చెప్పి తీసుకున్నదే సరైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో చెప్పింది. అర్థంకాని భాషలో చెబితే చెప్పినట్టా? అమెరికాలోనైతే అత్యవసరంలో తప్ప చిన్నపిల్లలచేత ఆస్పత్రుల్లో దుబాసీ పని చేయించకూడదని 2016లోనే నిబంధన తెచ్చినారు.

మన సంఘం ప్రతి ఏడూ ఉగాదికి షామియానాకీ, మైకుసెట్టుకీ పెట్టే ఖర్చు నాకు తెలుసు (లెక్కలు రాసేది నేనే). అందులో కొంత తీసి, రిటైరైన స్టాఫ్ నర్సునో, ఫార్మసీ చదివినవాళ్ళనో ఇద్దర్ని పెట్టుకుందాం. ఊరికే కాదు, రోజుకింతని ఇచ్చి. ఉచితమంటే రెండోసారి పిలవడానికి మనకే మొహమాటం.

వచ్చే మీటింగులో ఈ మాట ఎత్తుతాను. మీ బంధువుల్లో అట్లాంటివాళ్ళుంటే ముందే అడిగి పెట్టండి.