త్రాసు పట్టని రసాయనవిద్య

రసాయనశాస్త్రపు మొదటి పాఠములను ఇంటనుండియే నేర్చి యోగ్యతాపత్రము పొందు వీలును నేడు కొన్ని విశ్వవిద్యాలయములు కల్పించుచున్నవి. కళాశాల మెట్లెక్కలేని గుమాస్తాకు, గృహిణికి ఈ ద్వారము తెఱచుట మెచ్చదగినదే. కాని ప్రయోగశాల లేని రసాయనవిద్యను మేము అంగీకరింపజాలము.

1896లో ఆచార్య ప్రఫుల్లచంద్ర రే పాదరసముపై నీరు కలిసిన నత్రికామ్లమును పోసి, పసుపుపచ్చని స్ఫటికములను చూచిరి. ఆ మెర్క్యురస్ నైట్రైటును వారికి ఏ పాఠ్యపుస్తకమును చెప్పలేదు, కన్ను చెప్పినది. 1901లో బెంగాల్ కెమికల్సు సంస్థను నిలిపి, ఆ విద్యనే పలువురకు జీవనోపాధిగా మార్చిరి.

ఆమ్లములో క్షారమును బొట్టుబొట్టుగా విడిచి, సూచిక రంగు మాఱు క్షణమును కన్నులార చూడనివాడు సమీకరణమును నూఱుమార్లు వల్లించిన నేమి? గట్టున కూర్చుండి ఈత నేర్చినవాడున్నాడా? రుసుము గొను విశ్వవిద్యాలయము సెలవుదినములందు జిల్లా కళాశాలల ప్రయోగశాలలను ఈ విద్యార్థులకు తెఱపింపవలెను. లేనిచో అది విద్యాదానము గాదు, కాగితపు వర్తకము!