సెస్సు కట్టే చేతికి పుస్తకం ఏదీ?

హైదరాబాదులో లేస్తున్న మేడలు ఎవరు కడుతున్నారు? బీహార్, జార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు. నగరం చుట్టూ ఉన్న ఇటుక బట్టీల్లో ఏటా కొన్ని నెలలు పిల్లాపాపలతో బతుకుతున్నవాళ్ళలో బొలంగీర్, నువాపడ జిల్లాల కుటుంబాలు ఎన్నో. బట్టీలో మనిషికింత అని కూలి కట్టరు, కుటుంబానికంతటికీ కలిపి కడతారు. ముందు ఇచ్చే బయానా మగవాడి చేతికే అందుతుంది. స్త్రీ చేసిన పని విడిగా లెక్కకు రాదు. కనీస వేతనం ఎంత, కాన్పుకు ఎక్కడికి వెళ్ళాలి, భర్త కొడితే ఎవరికి చెప్పుకోవాలి? తనది కాని భాష మాట్లాడే ఊళ్ళో ఇవన్నీ ఆమెకు చెప్పేదెవరు?

చెప్పగలిగిన చోటు ఒకటుంది. అది పౌర గ్రంథాలయం. లోపల కూర్చుని చదువుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు, నిజమే. కాని పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే డిపాజిట్టు కట్టాలి, చిరునామాకు రుజువు చూపాలి. బట్టీ పక్క గుడిసెకు రుజువెవరిస్తారు? పొద్దుగూకేదాకా పనిచేసే ఆడమనిషికి, పుస్తకం ఇంటికివ్వని గ్రంథాలయం ఉన్నా లేనట్టే. పైగా పత్రికల గదిలో ఎప్పుడు చూసినా మగవాళ్ళే. చంటిబిడ్డతో వచ్చిన తల్లికి అక్కడ చోటెక్కడ?

ఈ గ్రంథాలయాలు దాతల దయ మీద నడవడం లేదు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే సెస్సు వీటికి ఆధారం. ఇంటి యజమాని ఆ పన్నును అద్దెలో కలుపుకుంటాడు. అంటే బస్తీలో ఒక్క గదికి అద్దె కట్టే వలస స్త్రీ కూడా సెస్సు కడుతూనే ఉంది. ఆమె అడుగుతున్నది దానం కాదు, హక్కు. భాష, జాతీయత, సామాజిక స్థాయి చూడకుండా అందరికీ సేవలందించాలని, భాషాపరమైన అల్పసంఖ్యాకులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలని యునెస్కో 1994 ప్రణాళిక చెప్పింది. 2022లో దాన్ని సవరించినప్పుడూ ఆ మాట మారలేదు.

"తెలుగు పుస్తకాలకే డబ్బు చాలడం లేదు, ఒడియా పుస్తకాలు ఎక్కడ తెస్తాం?" అంటారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఎందుకు పుట్టింది? రాజభాష ఉర్దూ అయిన నగరంలో తెలుగువాళ్ళకు తమ భాషలో చదువుకునే చోటు లేకపోబట్టి. ఆ ఆకలి తెలిసిన మనం ఇంకొకరి ఆకలిని కాదనగలమా? న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ గ్రంథాలయం వలస వచ్చినవారి కోసం 1977లోనే ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్ళ భాషల్లో పుస్తకాలు తెప్పించింది, ఇంగ్లీషు నేర్పింది. అమెరికాలో మన పిల్లలకు అలాంటి ఆదరణ దొరికితే సంతోషిస్తాం. ఇక్కడికొచ్చినవాళ్ళకు అదే ఇవ్వడానికి వెనకాడతాం.

చిరునామా రుజువు బదులు కార్మిక సంఘమో, మహిళా సంఘమో, అంగన్‌వాడీ కార్యకర్తో ఇచ్చే హామీని అంగీకరించాలి. శాఖా గ్రంథాలయాల్లో హిందీ, ఒడియా, బెంగాలీ పుస్తకాలకు ఒక్క బీరువా అయినా కేటాయించాలి. వేతనాలు, వైద్యం, గృహహింస చట్టం గురించి ఆ భాషల్లో కరపత్రాలు ఉంచాలి. ఆదివారాలు కొన్ని గంటలు స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేకించాలి. గ్రంథాలయానికి రాలేనివాళ్ళ దగ్గరకు పుస్తకమే వెళ్ళాలి. 1935లో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్ల ఊళ్ళకు పంపారు. ఈనాడు ఒక వ్యాను బట్టీదాకా వెళ్ళలేదా?

ప్రభుత్వం తనంతట తాను కదలదు. మన సంఘాలు తమ తమ ఊళ్ళలో గ్రంథాలయానికి వెళ్ళి, సభ్యత్వ నిబంధనలు అడిగి, చదివి చూడాలి. తర్వాత పక్క బస్తీలోని ఒక వలస స్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళి సభ్యత్వం అడగాలి. ఏ గడప దగ్గర ఆమెను ఆపుతారో అక్కడి నుంచే మన పని మొదలవుతుంది.