గరగర ఉంటే ఉండనీ, కమాను పోకూడదు



ఫిడేలు ద్వారం వెంకటస్వామి నాయుడుగారంటే విజయనగరమే గుర్తొస్తుంది. కానీ 1893లో ఆయన పుట్టింది బెంగళూరులో. మన జూజువాడి చెక్‌పోస్టు దాటి పోయే ఊరే అది. అందుకే ఆయన పాత ప్లేట్ల గురించి ఒక మాట చెప్పే హక్కు మనకూ ఉందనుకుంటాము.

78 ప్లేటులో ఒక పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాల పాటే. అలాంటి ప్లేట్లను కంప్యూటర్లోకి ఎక్కించి మళ్లీ విడుదల చేసేవాళ్లు కొందరు గరగర వినబడకూడదని అంతా తుడిచేస్తారు. దాంతోపాటు తీగ మీద కమాను రాసుకునే సన్నని శబ్దమూ పోతుంది. మిగిలేది దుప్పటి కప్పిన ఫిడేలు.

మేమనేది ఇదే. టిక్కుటిక్కులు తీయండి, గరగర కొంత ఉండనీయండి. తుడవని కాపీనీ పక్కనే పెట్టండి. ప్లేటు తిరిగే వేగం సరిచూడండి. అన్నీ కచ్చితంగా 78లోనే తీసినవి కావు, వేగం మారితే శ్రుతీ మారుతుంది. చట్టమూ అడ్డం రాదు. మన దేశంలో రికార్డు వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లకు దాని మీద హక్కు తీరిపోతుంది.

మీ అటకల మీద ప్లేట్లుంటే పాత సామాన్లవాడికి వేయకండి. అవి లక్కతో చేసినవి. స్పిరిట్‌తో తుడిస్తే పాడవుతాయి, ఎండలో పెడితే వంగిపోతాయి.

సరిహద్దులో ఉండే మనకు, ఒక గొంతు మెల్లగా వినబడకుండా పోవడం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. మిగిలిన ఈ శబ్దాన్నైనా మన చేతులతో మనమే తుడిచేయవద్దు.