గుట్టు ఎవరిది? పరువు ఎవరిది?

బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988)కి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. కమలాక్షిగా నటించిన అర్చన ఉత్తమ నటి అయింది. అయినా మన ఊళ్లలో దాన్ని చూసినవాళ్లు తక్కువే. ఈమధ్య రాజంపేటలో, కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన కొందరు స్త్రీలతో కలిసి మళ్లీ చూశాను.

కథ 1920ల నాటి తెలంగాణ గడీలో జరుగుతుంది. దాసి పగలంతా చాకిరీ చెయ్యాలి, దొర పిలిస్తే పోవాలి, గర్భం వస్తే తీయించుకోవాలి. ఇదంతా గడీలో అందరికీ తెలుసు. అయినా గుట్టే. గుట్టంటే తెలియకపోవడం కాదు, తెలిసినా నోరెత్తకూడదనే కట్టుబాటు.

సినిమా అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకామె అంది: "మాట్లాడితే మాత్రం ఎవురు ఇంటారు మేడం? అంతా ఇంట్లో సంగతే కదా!"

కువైట్ వెళ్లిన స్త్రీ దాసి కాదు. ఆమెకు జీతం ఉంది, ఆ జీతంతో ఇక్కడ ఇళ్లు లేచాయి, పిల్లలు చదివారు. కానీ పనిచేసే చోటు మళ్లీ ఒకరి ఇల్లే. అక్కడ 2015లో వచ్చిన చట్టం పని గంటలు రోజుకు పన్నెండు దాటకూడదనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ చెబుతుంది. మూసిన తలుపు వెనక గంటలు లెక్కపెట్టేదెవరు?

ఇక మన ప్రభుత్వం సంగతి. పదో తరగతి కూడా చదవని స్త్రీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలి. రక్షణ పేరుతో పెట్టిన ఈ నిబంధన పేదరికాన్ని ఆపదు. విజిటింగ్ వీసా మీద, ఏజెంటు చెప్పిన దారిన పంపిస్తుంది. అలా వెళ్లినామె జీతం ఎగ్గొట్టారని ఫిర్యాదు చెయ్యాలన్నా ముందు తానే దోషిగా నిలబడాలి. అంటే గుట్టును ఇల్లే కాదు, రాజ్యం కూడా తయారుచేస్తోంది.

తిరిగొచ్చాక ఊరు అడిగేది ఒకటే: "అక్కడేం జరిగింది?" జీతం పూర్తిగా ఇచ్చారా అని అడగదు. సంఘాలుగా మనమూ తక్కువ తినలేదు. సభల్లో మైకు ఇచ్చి "నీ కష్టం చెప్పమ్మా" అంటాం. చెప్పి ఇంటికి పోయాక ఆమె పడే మాటలకు మనం పూచీ ఉండం.

ఆమె మౌనాన్ని బద్దలు కొట్టడం మన పని కాదు. బాకీ జీతం రాబట్టడం, వయసు నిబంధనను ప్రశ్నించడం, ఫిర్యాదు చేసినామె పక్కన నిలబడటం మన పని. మాట్లాడాలో వద్దో అప్పుడు ఆమే తేల్చుకుంటుంది.