పిట్ట కాలికి కడియం

"పిట్టల్ని పట్టుకుని, కాళ్ళకు రింగులు తొడిగి, మళ్ళీ వదిలేయడం కూడా ఒక సైన్సేనా?" అని మన హాస్టలు మిత్రులు నవ్వుతుంటారు. జువాలజీ వాళ్ళకు వేరే పనేం లేదని కూడా అంటారు. వారి మీద నాకు కోపం లేదు. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఉన్నదనుకుంటాను.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పౌడర్‌మిల్ అనే అటవీ ప్రాంతం ఉంది. అది కార్నెగీ ప్రకృతి చరిత్ర మ్యూజియం వారి పరిశోధన కేంద్రం. 1961 లో రాబర్ట్ లెబర్మన్ అనే ఆయన అక్కడ పిట్టలకు కడియాలు వేయడం ఆరంభించాడు. ఆ పని నేటికీ సాగుతూనే ఉంది.

వసంతం వచ్చిందంటే అక్కడ చేతినిండా పనే. చలికాలమంతా మధ్య అమెరికాలో, దక్షిణ అమెరికాలో తలదాచుకున్న పాటపిట్టలు ఏప్రిల్, మే నెలల్లో రాత్రిళ్ళు ఎగురుకుంటూ ఉత్తరానికి తరలివస్తాయి. వార్బ్లర్ అనే పిట్ట బరువు ఇంచుమించు పది గ్రాములు. అంటే రెండు చెంచాల పంచదార! అది వేల కిలోమీటర్లు దాటి వస్తుంది.

తెల్లవారకముందే పొదల మధ్య సన్నటి నైలాను వలలు విప్పుతారు. అవి కంటికి ఆనవు. తగిలిన పిట్టను నేర్పుగా విడదీసి, గుడ్డసంచీలో వేసి గదికి తెస్తారు. కాలికి నంబరున్న అల్యూమినియం కడియం వేస్తారు. స్కేలుతో రెక్క కొలుస్తారు. ఈకలను బట్టి వయస్సు చెబుతారు. రొమ్ము ఈకలను ఉఫ్‌మని ఊదితే పల్చటి చర్మం కింద పసుపుపచ్చని కొవ్వు కనిపిస్తుంది. ప్రయాణానికి అది కట్టుకున్న సద్దిమూట అదే! చివరకు తూకం వేసి, గాలిలోకి వదిలేస్తారు.

ఇది హింస కాదా అని అడగవచ్చు. పిట్టకు బెదురు తప్పదు. అరుదుగా దెబ్బ తగలడమూ ఉంది. అందుకే శిక్షణ లేనివారిని వల ముట్టుకోనివ్వరు. వాన పడినా, గాలి హెచ్చినా వలలు మూసేస్తారు. ఆ బెదురుకు తగిన ఫలం దక్కిందా అన్నదే అసలు ప్రశ్న.

కడియం వేసిన చిన్న పిట్టల్లో దూరదేశాన మళ్ళీ దొరికేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఆ లెక్కన చూస్తే శ్రమంతా వృథాయే. కాని అసలు ఫలం కడియంలో లేదు, రిజిస్టరులో ఉంది. 46 సంవత్సరాల పాటు రాసిపెట్టిన దాదాపు ఐదు లక్షల పిట్టల కొలతల మీద 2010 లో ఒక పరిశోధన వెలువడింది. వసంతంలో పట్టిన 83 జాతుల్లో 60 జాతులు కాలక్రమాన చిన్నవైనాయని తేలింది. బరువులో తరుగు సగటున ఒకటిన్నర శాతానికి లోపే. భూమి వేడెక్కడమే కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. ఇంత స్వల్పమైన మార్పు ఏ ఒక్క ఉదయాన ఏ ఒక్కరి కంటికీ కనపడేది కాదు. ఒకేచోట, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి విసుగులేకుండా కొలిచారు గనుకనే బయటపడింది.

మరి మన సంగతేమిటి? మన ప్రాక్టికల్ రికార్డులు మార్కులు పడేదాకా భద్రం. ఆ తర్వాత పాత కాగితాల కొట్టుకే. ఈ ఏడు బి.ఎస్సీ. వాళ్ళు చూసినదేమిటో వచ్చే ఏడు వాళ్ళకు తెలియదు. ప్రతి బ్యాచీ మళ్ళీ ఓనమాలు దిద్దవలసిందే. మనకు తెలివి తక్కువై కాదు, అప్పగింతలు లేక!

వలలు కొనమని నేననడం లేదు. మన దేశంలో పక్షులను పట్టాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలి, శిక్షణా కావాలి. ఆ పని చేయడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వంటి సంస్థలున్నాయి. మనకు కావలసింది ఒక లావుపాటి రిజిస్టరు. కాలేజీ ఆవరణలో ఆ ఏడు కోయిల మొదట కూసిన రోజు, వేప పూసిన రోజు అందులో ఎక్కాలి. వారానికొకసారి ఒకే దారిన, ఒకే వేళకు, అరగంట నడిచి కనిపించిన పిట్టల లెక్క రాయాలి. వెళ్ళే బ్యాచీ వచ్చే బ్యాచీకి దాన్ని ఒప్పజెప్పాలి. డిపార్టుమెంటు బీరువాలో ఒక చోటు, ఏడాదికొకసారి లెక్చరరుగారి సంతకం ఉంటే చాలు.

దాని ఫలితం మనం చదువుకునే రోజుల్లో చూడం. ముప్పై ఏళ్ళ తర్వాత మన బెంచీల మీద కూర్చునేవాళ్ళు చూస్తారు. అయినా సరే, వచ్చే సంవత్సరం యూనియన్ బడ్జెటులో ఆ రిజిస్టరు ఖరీదు చేర్చవలసిందిగా మన కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి పేజీ రాయడానికి నేను సిద్ధం.